పెద్దమనిషి చూడని మొదటి కుట్టు

కంట్లో కుట్టును లేజర్‌తో తెంపడం మానవజాతికి దక్కిన వరం. కత్తెరతో తెంపితే చూడ్డానికి ఎవరైనా వస్తారా? ఫొటోలు తీస్తారా? చప్పట్లు కొడతారా?

నమ్మకం లేకపోతే ఓ బస్సు డ్రైవర్ సంగతి వినండి. నీటికాసుల జబ్బుతో ఆయన కుడికంట్లో ఒత్తిడి పెరిగిపోతే, నీరు బయటికి పోయేందుకు ఆపరేషన్ చేసి చిన్న దారి పెట్టారు. దాని మీది మూతను రెండు కుట్లతో బిగించారు. బిగువు ఎక్కువైంది, ఒత్తిడి దిగలేదు. ఒక కుట్టు తెంపితే చాలన్నారు.

ఆయన అదృష్టం చూడండి, సరిగ్గా ఆరోజే కొత్త లేజర్ మెషీన్‌ను చూడ్డానికి వీఐపీలు వేంచేశారు. కంట్లో చుక్కలు వేయించుకుని డ్రైవర్ పొద్దుటి నుంచీ వరండా బెంచీ మీదే ఉన్నాడు. వాళ్ల కాఫీలయ్యాక పిలుపొచ్చింది. గడ్డం స్టాండుకి ఆనించాడు. అతిథుల కోసం పెట్టిన టీవీలో ఆయన కన్ను పెద్దగా కనిపించింది. డాక్టర్ ఆయన కంటికి అద్దం ఆనించి మీట నొక్కాడు. టిక్. కుట్టు తెగింది.

"అప్పుడే అయిపోయిందా? నేనింకా టీవీ వైపు చూడనే లేదు," అని నొచ్చుకున్నాడు ముందు వరసలో పెద్దమనిషి.

ఇంటికొచ్చిన అతిథిని చిన్నబుచ్చుతామా? "ఇంకోటుంది సార్, చూపిస్తాను," అన్నాడు డాక్టర్.

గుమ్మంలో నిలబడ్డ డ్రైవర్ భార్య లోపలికొచ్చేసింది. "ఒకటి చాలన్నారు కదండీ?"

"రెండోదీ తీస్తే ఇంకా ఫ్రీగా ఉంటుందమ్మా. మీరు బయట కూర్చోండి."

డ్రైవర్‌కి ఒళ్లు మండింది. లేచిపోదామనుకున్నాడు. కానీ రోజూ తనను నమ్మి బస్సులో జనం కునుకు తీస్తారు. తానూ ఒకరిని నమ్మాలి కదా అనుకుని కదలకుండా కూర్చున్నాడు.

టిక్. చప్పట్లు.

నిజంగానే ఫ్రీ అయింది! కంట్లో నీరు ఫ్రీగా కారిపోయింది. ఒత్తిడి అడుగంటి, మర్నాటికి కన్ను మెత్తబడింది.

"బస్సు మాట అటుంచు, ఎదురుగా ఉన్న నువ్వే ఈ కంటికి సరిగ్గా ఆనడం లేదే," అన్నాడు భార్యతో.

ఆవిడ ఏడవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని తిన్నగా ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ గదిలోకి నడిపించింది. "మీవాళ్లు సరదాకి తెంపిన కుట్టు మళ్లీ వెయ్యండి," అంది.

డాక్టరమ్మ కన్ను పరీక్షించింది. వెంటనే ఆపరేషన్‌కి ఏర్పాట్లు చేయమంది.

"ఇదీ లేజర్‌తోనేనా అమ్మా?" అని అడిగాడు డ్రైవర్ ఆపరేషన్ బల్ల మీద పడుకుని.

"అది తెంపడానికేనయ్యా. వెయ్యాలంటే సూదీ దారమే. కదలకు, టైం పడుతుంది."

చూపు మెల్లగా తిరిగొచ్చింది, పూర్తిగా మాత్రం కాదు. డిపోవాళ్లు మళ్లీ స్టీరింగ్ ఇవ్వలేదు. టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నీడపట్టున ఉద్యోగం, ఇంకేం కావాలి?

కాబట్టి లేజర్‌ని ఎవరూ ఏమీ అనకండి. మొదటి కుట్టు తెంపి డ్రైవర్ కంటికి వైద్యం చేశారు. రెండో కుట్టు తెంపి చేసింది పెద్దమనిషి కంటికి.