నీళ్లలో అంజిలయ్య

బాలమణి భర్త అంజిలయ్య కార్మికుల కాలనీ బోరు నీళ్లలో దొరికాడు. నీటి పరీక్షా కేంద్రానికి కొత్తగా వచ్చిన మాస్ స్పెక్ట్రోమీటర్ సీసం, ఆర్సెనిక్‌లతోపాటు అతన్నీ చూపించింది. వంద కోట్ల పాళ్లలో మూడు పాళ్లు. పాత యంత్రానికి అంత చూపు లేదు కాబట్టి, వానాకాలం నుంచి అతను కనబడటం లేదనే అందరూ అనుకున్నారు.

కెమిస్టు పరిమళ మొదట యంత్రాన్నే అనుమానించింది. గొట్టాలు ఆసిడ్‌తో కడిగి, శుద్ధజలం పెట్టి చూసింది. అందులో ఎవరూ లేరు. బోరు నీళ్లు పెట్టగానే మళ్లీ అంజిలయ్య వచ్చాడు. మందుల ఫ్యాక్టరీలో వ్యర్థాల తొట్టి కడగడం అతని పని. ఆ తొట్టిలోంచి ఇంకిన నీళ్లే బోరులోకి వస్తాయి కనుక, సాంకేతికంగా ఇందులో వింతేమీ లేదు.

కబురందుకున్న బాలమణి స్టీలు క్యాను పట్టుకుని వచ్చింది.

"తీస్కపోదామని వచ్చిన మేడమ్."

"వేరుచేయడం కుదరదమ్మా. గుర్తుపట్టడం వరకే మా పని."

"పానంతోనే ఉన్నడా?"

"అది యంత్రం చెప్పదు," అంది పరిమళ తల దించుకుని.

డైరెక్టరు భుజంగరావు బాలమణిని కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. "నీళ్లలో మనిషికి పరిమితి పది పాళ్లమ్మా. మీవారు మూడే. రూల్స్ ప్రకారం లేనట్టే."

"లేకపోతే, సచ్చిపోయిండని కాయితమియ్యుండ్రి సారూ."

"ఎలా ఇస్తాం? యంత్రానికి కనిపిస్తున్నాడుగా."

"అయితే బోరన్న బంద్ పెట్టుండ్రి. కాలనీ అంత ఆయన్నే తాగుతున్నరు."

"పరిమితిలో ఉన్న నీళ్లు ఆపే అధికారం నాకు లేదమ్మా."

పరిమితి దాటితే ఆపాల్సి వస్తుంది కదా అని పరిమళకు తోచింది. సన్నటి జాడలు కూడా దొరికేలా నీళ్లను మరిగించి చిక్కబరిచింది. యంత్రం సంకేతాల్లోని రొద తగ్గించి, పద్ధతికి ఇంకా పదును పెట్టింది. అప్పుడు మరికొందరు బయటపడ్డారు. యంత్రం వాళ్ల పేర్లు చెప్పలేదు. కాంట్రాక్టు కూలీలు కావడంతో ఫ్యాక్టరీలోనూ వాళ్లకు పేర్లు లేవు. అందర్నీ కలిపితే పరిమితి దాటింది.

భుజంగరావు ఆమెను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. అవార్డుకు పేరు పంపించాడు. యంత్రాల చూపు ఇంత పెరిగాక పాత పరిమితి ఆచరణలో సాధ్యం కాదని పైవాళ్లకు రాసి, దాన్ని యాభైకి పెంచించాడు. కొత్త నివేదిక మీద పరిమళ సంతకం చేసింది. బోరు పక్కన 'తాగుటకు యోగ్యము' అని బోర్డు పెట్టారు.

బాలమణి బిందె పట్టుకుని పక్క కాలనీకి వెళ్లింది. అక్కడి ఆడవాళ్లు కోప్పడలేదు.

"ఈ నీళ్లల్ల మావోళ్లున్నరక్కా," అన్నారు. "నీవోళ్లున్న కాడ్నే పట్టుకో."

ఆమె వెనక్కి వచ్చి తమ బోరులోనే బిందె నింపింది. కూతురికి గ్లాసులో పోసి ఇచ్చింది. పిల్ల ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చేదున్నయమ్మా."

"అలవాటైతయి, తాగు."

పిల్ల వదిలేసిన నీళ్లు పారబోయడానికి బాలమణికి చెయ్యి రాలేదు. గ్లాసెత్తి, ఒక్క చుక్క కింద పడకుండా తాగేసింది.