కోరుట్ల జలదీక్ష

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగి మూడో వారం. పొద్దున్నే సమ్మయ్య తన మోపెడ్ మీద బిడ్డ శ్రీలతను ఎక్కించుకుని కోరుట్ల నుంచి జగిత్యాలకు బయలుదేరాడు. పది గంటలకు అక్కడి ఈతకొలనులో జిల్లా జట్టుకు ఎంపిక. ఒక్కరికే చోటు. సమ్మెకు ముందే ఖాయమైన తేదీ. రద్దయిందని ఎవరూ చెప్పలేదు. వచ్చే ఏడాదికి శ్రీలత వయసు దాటిపోతుంది.

సమ్మయ్య బావుల్లో పడిన మోటార్లు తీస్తాడు. శ్రీలత ఆయన వెంట బావుల్లోనే ఈత నేర్చింది.

కోరుట్ల చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జేఏసీ నాయకుడు రాజలింగం మోపెడ్‌ను ఆపాడు.

"ఏడికి సమ్మన్నా?"

"జగిత్యాల. ఈతకొలను కాడికి."

సమ్మెలో అన్నీ బందు. బందు రోజున ఆడపిల్ల తువ్వాల సంచితో ఈతకొలనుకు పోతోందంటే రాజలింగానికి ఒకటే తోచింది: జలదీక్ష. పీకల లోతు నీళ్లలో నిలబడి ప్రత్యేక రాష్ట్రం అడగడం. మెట్‌పల్లి వాళ్లు ఆ వారమే చేసి పేపర్లో పడ్డారు. కోరుట్ల నుంచి ఇంకా ఎవరూ దిగలేదు.

"ముందుగాల చెప్పద్దా? కోరుట్ల ఇజ్జత్ నిలవెట్టినవ్ బిడ్డా," అని శ్రీలత మెడలో బంతిపూల దండ వేశాడు. ఎవరో నెత్తిన గులాల్ చల్లారు.

సమ్మయ్య నోరు తెరిచాడు. అంతలో రోడ్డుకు అడ్డం పెట్టిన బండరాళ్లు పక్కకు జరిగాయి. సమ్మయ్య నోరు మూసుకున్నాడు.

"పొద్దూకేదాక ఉంటవా నీళ్లల్ల?" అన్నాడు రాజలింగం.

"గంతసేపుంటే ఓడిపోత పెదనాయినా."

"ఓడుడేంది? గెలుస్తం."

ముందు డప్పులు, వెనుక రెండు ట్రాక్టర్ల జనం. ప్రతి ఊళ్లో ఆపి పులిహోర పెట్టారు. ఈతకు ముందు తినకూడదని శ్రీలత తన పళ్లెం తండ్రికిచ్చింది. "అప్పుడే దీక్ష వట్టింది తల్లి," అని ఒక ముసలమ్మ దండం పెట్టింది. మూడో ఊరు దాటేసరికి సమ్మయ్య హ్యాండిల్ మీదికి వంగలేకపోయాడు.

"నాయినా, పది దాటింది."

"ఊకో బిడ్డా. నిజం చెప్తే ఈడనే ఆపుతరు."

జగిత్యాల ఈతకొలను గేటు ముందు టెంటు ఉంది. టెంటు కింద వ్యాయామ ఉపాధ్యాయులు మెడలో విజిళ్లతో సమ్మెలో కూర్చున్నారు. ఎంపిక చేయాల్సింది వాళ్లే. సిరిసిల్ల నుంచి కూతురు దీప్తిని కారులో తెచ్చిన జగపతి రావు వాళ్లతో పొద్దుటి నుంచి వాదిస్తున్నాడు.

"వచ్చింది మా దీప్తి ఒక్కతే. ఆమె పేరే పంపురి మొగిలయ్య సార్."

"విజిల్ ఊదితే డ్యూటీ. పేరు పంపినా డ్యూటీనే. మేం సమ్మెల ఉన్నం సార్," అన్నాడు మొగిలయ్య.

అప్పుడే ఊరేగింపు వచ్చింది. పొద్దుగూకేదాకా శ్రీలత నీళ్లలోనే ఉంటుందని రాజలింగం ప్రకటించి మైకు ఆమెకిచ్చాడు.

"నేను దీక్షకు రాలే," అంది శ్రీలత మైకులోనే. "ఈత పోటీకి వచ్చిన. ఇయ్యాల ఈదకపోతే నాకు మల్ల లేదు."

డప్పు ఆగింది. రాజలింగం ట్రాక్టర్ల వైపు చూశాడు. ఉత్తగా తిరిగిపోతే మెట్‌పల్లి వాళ్లు నవ్వుతారని గుర్తొచ్చింది. టెంటులోకి నడిచాడు.

"మొగిలన్నా, పోటీ పెట్టు."

"పెడితే సమ్మె ఇడిసినట్టే కద."

"సర్కారు పోటీ అయితే గదా. బ్యానర్ మాది, మైకు మాది. ఇది ఉద్యమం ఈత. ఉద్యమంల విజిల్ ఊదద్దన్నరా ఎవలన్న?"

మూడు వారాలుగా కూర్చున్న ఉపాధ్యాయులు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచారు.

"సంతకాలు మాత్రం సమ్మె అయినంకనే," అన్నాడు మొగిలయ్య.

దీప్తి కోచ్ దగ్గర నేర్చింది. కొలను మధ్యలో ఆమెదే ముందు. గోడ దగ్గర మాత్రం శ్రీలతది. బావిలో నాలుగు బారలు వేస్తే గోడ వస్తుంది. శ్రీలత ఇన్నేళ్లుగా చేసింది తిరగడమే. మూడోసారి గోడను తన్నాక దీప్తి ఆమెను అందుకోలేకపోయింది. నెత్తిన ఉన్న గులాల్ కరిగి శ్రీలత ఈదిన దారంతా గులాబీ రంగుకు తిరిగింది. ఎవరు గెలిచారో ట్రాక్టర్ల మీది వాళ్లకూ కనబడింది. డప్పు మళ్లీ మొదలైంది.

"గోడ కాడ గట్లెట్ల తిరుగుతవ్?" అంది దీప్తి రొప్పుతూ.

"మా బావికి రా. నేర్పుత."

సమ్మె ముగిశాక మొగిలయ్య సంతకం పెట్టాడు. శ్రీలత రాష్ట్ర పోటీలకు వెళ్లింది. పేపర్లో మాత్రం ఈత మర్నాడే కోరుట్ల జలదీక్ష విజయవంతం అని వచ్చింది. నిమిషన్నరలో విరమించిన దాన్ని దీక్ష అనరని మెట్‌పల్లి వాళ్లు ఇప్పటికీ అంటారు.