ఆరు ఇంగ్లీషు మాటలు, నూటపది మూటలు

ఆ రోజు పొద్దున కచేరి పాత గుమాస్తా సిద్దిరాములు పెట్టుకున్న పని ఒక్కటే. వానలు వెలిశాయి కనుక దఫ్తరు గదిలోని పాత కాగితాల మూటలు ఎండకేసి, వేపాకు చల్లి మళ్లీ కట్టాలి. ఎర్రగుడ్డల్లో కట్టిన నూటపది మూటలు, అన్నీ ఉర్దూ రాతే. ఆంధ్రప్రదేశ్ వచ్చి నాలుగేళ్లయింది. సుల్తానాబాద్ అవతలి ఆ చిన్న తాలూకా కచేరిలో వాటిని చదవగలిగినవాడు ఇప్పుడు ఆయనొక్కడే.

తాళం తీస్తుండగానే చప్రాసీ హనుమండ్లు తాసిల్దారు చీటీ తెచ్చిచ్చాడు. మధ్యాహ్నం జిల్లా నుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నారట. పనికిరాని ఉర్దూ మూటలన్నీ మూడింటిలోపు తగలబెట్టి గది ఖాళీ చేయాలట. రాసిన తాసిల్దారు అప్పటికే పెద్దసారుకు ఎదురు వెళ్లాడు.

"పనికిరానియా? ఎవని బాపు సొమ్మని కాలవెడ్తడు!" సిద్దిరాములుకు ఒళ్లు మండిపోయింది.

నకలు కోసం వచ్చి గడపలో కూర్చున్న శంకరవ్వ ఆ మాట విని లేచి నిలబడింది. ఆమె రెండెకరాల పట్టా ఆ మూటల్లోనే ఉంది. రేపు కోర్టులో దాని నకలు చూపకపోతే భూమి మరిది పాలవుతుంది. చదవరాని కాగితానికి సంతకం పెట్టనంటూ తాసిల్దారు ఆమెను నెల రోజులుగా తిప్పుతున్నాడు.

"అన్నా, నాది గూడ కాలుస్తరా?"

"నేనుండంగ ఎట్ల కాలుస్తరు చెల్లె? జర ఆగు."

గోడ మీద తాసిల్దారు వేసిన నోటీసు ఉంది. ఇంగ్లీషు చీటీ అంటించినదాన్ని తన సంతకం లేనిదే ఎవరూ ముట్టరాదు. సిద్దిరాములుకు ఇంగ్లీషు రాదు కానీ మొండితనం దండిగా ఉంది. నేరుగా పక్క బడికి పోయి లింగమూర్తి పంతులును పట్టుకున్నాడు.

"పంతులూ, దాచిపెట్టుమని ఇంగ్లీషుల ఎన్ని తీర్ల అంటరో అన్ని రాసియ్యి."

అడిగేవాడు దొరికిన సంతోషంలో పంతులు ఎందుకని కూడా అడగలేదు. కీప్, సేవ్, ప్రిజర్వ్, రిటైన్, రిజర్వ్, సేఫ్ కస్టడీ. ఆరు మాటలతో చీటీల మీద చీటీలు రాసి ఇచ్చాడు.

హనుమండ్లు మైదాజిగురు కాచాడు. "చీటి ఉన్నదాన్ని ముట్టద్దు, గంతేనా?"

"తాసిల్దారు వచ్చినా ముట్టనియ్యకు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మూటలన్నింటికీ అంటించాక నలభై చీటీలు మిగిలాయి, జిగురూ మిగిలింది. వృథా చేయడం హనుమండ్లుకు గిట్టదు. కుర్చీలకు, బల్లకు, గడియారానికి, కలాలు పెట్టే కలందానుకు, చివరికి పెద్దసారు కోసం తాసిల్దారు ఇంటి నుంచి వచ్చిన టిఫిన్ క్యారియరుకూ అంటించాడు.

మూడింటికి ఇద్దరూ వచ్చారు. తాసిల్దారు కుర్చీ లాగబోతే హనుమండ్లు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ముట్టద్దు సార్! చీటి ఉన్నది."

"ఓరి నీ దుంప తెగ! అది నా కుర్చీరా!"

"మీ హుకుమే సార్, గోడకున్నది. దస్కతు పెట్టి తీస్కోండ్రి."

"కలం ఇలా తగలెయ్!"

"కలందానుకు గూడ చీటి ఉన్నది సార్."

ఆకలితో ఉన్న పెద్దసారు క్యారియరు వైపు చెయ్యి చాచి, హనుమండ్లు మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు. ఆయన పాత హైదరాబాదు రాజ్యంలో ఉర్దూలోనే పనిచేసిన ఉద్యోగి. దఫ్తరు గదిలోకి తొంగిచూసి ఆగిపోయాడు.

"ఇన్ని ఉర్దూ కాగితాలు! ఇంత భద్రంగా! ఎవరి ఏర్పాటండీ ఇది?"

తాసిల్దారు చటుక్కున ముందుకొచ్చాడు. "నాదేనండి. పాత కాగితాలంటే నాకు ప్రాణం."

సిద్దిరాములు ముందే తీసి ఉంచిన శంకరవ్వ పట్టా, తాను రాసిన దాని నకలు పెద్దసారు చేతిలో పెట్టాడు. "గీమె నెల దినాల సంది తిరుగుతుంది సార్. మా తాసిల్దారుకు ఉర్దూ రాదని నకలు ఆగింది."

పెద్దసారు గడగడా చదివి, జేబులోని సొంత కలం తీసి నకలు మీద సంతకం పెట్టాడు. శంకరవ్వ దాన్ని కొంగులో ముడేసుకుని, తాసిల్దారు వైపు తిరిగి చూడకుండా మెట్లు దిగింది.

"వీటి మీద ఇంత ప్రేమ ఉండి, చదవడం రాకపోతే ఎలా?" పెద్దసారు తాసిల్దారు భుజం తట్టాడు. "ఆరు నెలల్లో ఉర్దూ పరీక్ష రాయండి. ఈ సిద్దిరాములే మీ ఉస్తాదు."

మర్నాడు తాసిల్దారు పలకతో వచ్చాడు. సిద్దిరాములు దాని మీద ఉర్దూలో 'శంకరవ్వ' అని రాసిచ్చి, వందసార్లు దిద్దమన్నాడు.