మోషన్ కంట్రోలర్ గారు

చిలకలూరిపేట చరిత్రలో 2003 ఆగస్టు పన్నెండు సువర్ణాక్షరాలతో లిఖించదగిన రోజు. సహకార వర్క్‌షాపులో మూలపడిన కంప్యూటర్ లేత్‌ని పత్తి సీజన్‌లోపు నడిపించి తీరతానని మంత్రి త్యాగరాజు గారు ఆ రోజే ప్రకటించారు. పత్రికకు వార్తలు పంపేవాడిగా నేనక్కడే ఉన్నాను. చప్పట్లు మొదలుపెట్టింది కూడా నేనే.

లేత్ ఇనుప శరీరం దివ్యంగా ఉంది. దాన్ని కదిలించే ఎలక్ట్రానిక్ సరంజామా మాత్రం కాలిపోయింది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుల షాఫ్టులు, అంటే తిరిగే ఇరుసులన్నీ దానిమీదే తయారవాలి. సీజన్‌కి అది తిరగకపోతే ఇరవై రెండేళ్ళుగా అక్కడ లేత్ పని చేస్తున్న టర్నర్ బుడే రోడ్డున పడతాడు.

కొత్త సరంజామా ఎంపికకి కమిటీ వేశారు. మంత్రిగారే చైర్మన్. లేత్ సంగతి తెలిసినవాడుంటే నిష్పాక్షికత దెబ్బతింటుందని బుడేని సభ్యుడిగా తీసుకోలేదు. టీలయ్యాక పిలిచి, ఏం కొనాలో అడిగారు.

మోటార్లు రెండు రకాలన్నాడు బుడే. స్టెప్పర్ చవక, కానీ బరువు పడితే అడుగు తప్పుతుంది. తప్పిన సంగతి దానికే తెలియదు. సర్వో అలా కాదు. ఎక్కడుందో, ఎంత తప్పిందో ఎప్పటికప్పుడు పైకి చెబుతుంది.

"పైకి చెబుద్దా?" మంత్రిగారు టీ కప్పు కింద పెట్టారు.

"చెబుద్దండి. అందుకే షాఫ్టు కరెక్టుగా వస్తది."

"అట్టాంటిది మనకొద్దు. మొదటిదే రాయండి."

కమిటీ ఏకగ్రీవంగా స్టెప్పర్‌ను ఎన్నుకుంది. బుడే చేతే జాబితా రాయించారు: మోటార్లు రెండు, డ్రైవర్లు రెండు, మోషన్ కంట్రోలర్ ఒకటి.

అది చదవగానే మంత్రిగారి ముఖం వికసించింది. ఒక్క లేత్‌లో ఇన్ని ఉద్యోగాలున్నాయని అంతకుముందు ఏ నాయకుడూ కనిపెట్టలేదు మరి. వారం తిరక్కుండా ఇద్దరు పార్టీ కార్యకర్తలకు, హెవీ లైసెన్సులు చూసి, డ్రైవర్లుగా ఆర్డర్లిచ్చారు. కంట్రోలర్‌గా ఆయన వియ్యంకుడు శివరామకృష్ణ గారు వచ్చారు. అద్దంకి బస్టాండులో అదే హోదాలో రిటైరైన మనిషి. సొంత విజిల్ తెచ్చుకున్నారు. మోటార్ల సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు మంత్రిగారు.

డ్రైవరంటే మోటారుకి కరెంటు అందించే పెట్టె, కంట్రోలరంటే దానికి ఆజ్ఞలిచ్చే పెట్టె అని బుడే నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"మనిషి చేసే పని పెట్టెకిస్తావా, బుడే?" మంత్రిగారు బాధపడ్డారు. "నిరుద్యోగుల ఉసురు తగులుద్ది."

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు పచ్చ బటన్ నొక్కారు. కంట్రోలర్ గారు విజిల్ వేసి "రైట్, రైట్" అన్నారు. మోటార్లు ఉండాల్సిన చోట బిగించిన లారీ స్టీరింగుల్ని డ్రైవర్లిద్దరూ చెరోవైపు తిప్పారు. షాఫ్టు వంకాయలా ఉబ్బి వచ్చింది. దాన్ని మంత్రిగారికే జ్ఞాపికగా బహూకరించారు.

ముగ్గురు నిపుణులు వచ్చారు కనుక టర్నర్ పోస్టు అక్కర్లేదని ఆ సాయంత్రమే బుడేకి ఆర్డరు అందింది. ఆధునికీకరణలో ముందడుగని నేనే రాశాను. రాసినందుకు సిగ్గుపడ్డాను కూడా, కానీ అది అచ్చులో రాదు.

దసరా వెళ్ళాక డ్రైవర్లు డిప్యుటేషన్ మీద మంత్రిగారి కార్లకు వెళ్ళిపోయారు. నవంబరులో నేను వర్క్‌షాపుకి వెళ్ళేసరికి బుడే విరిగిన షాఫ్టు భుజాన పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ఇప్పుడతను జిన్నింగు మిల్లులో హమాలీ. మిల్లు ఆగిపోయిందని, కొత్త షాఫ్టు ఎప్పటికవుతుందని అడిగాడు.

కంట్రోలర్ గారు కళ్ళజోడు సర్దుకుని గోడమీది నల్లబోర్డు చూశారు.

"లేత్ లేటు," అన్నారు. "డ్రైవర్లు రావాల. ఆ బెంచీ మీద కూర్చో."