దండెం మీద డెబ్బై ఎనిమిది

ఆ శనివారం పొద్దున మెర్విన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య గ్లెనిస్ ట్వీడ్ హెడ్స్‌లో ఉన్న అక్కగారింటికి వెళ్ళింది, సాయంత్రానికి గానీ రాదు. ఈలోగా మంచం మీది దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఏమీ ఎరగనట్టు వరండాలో కూర్చుంటే ఆవిడ వచ్చి చూసి మెచ్చుకుంటుంది. పైపుల పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నప్పట్నుంచీ ఆ మనిషికి మెప్పు అనేది కరువైపోయింది మరి.

దుప్పట్లు, దిండ్ల గలీబులు కలిపి ఒక్క మూటగా చుట్టి వాషింగ్ మెషీన్లో కుక్కాడు. మీట నొక్కి, టోస్టు మీద వెజిమైట్ అనే నల్లటి ఉప్పుముద్ద రాసుకుంటుండగా మెషీన్లో ఏదో టపటపా కొట్టుకోవడం వినిపించింది. నీళ్ళ చప్పుడును బట్టి జబ్బేమిటో చెప్పగల మనిషి కాబట్టి వెంటనే ఆపి మూత ఎత్తాడు. అతని దిండు గలీబులోంచి ఒక పట్టుగుడ్డ జారి నురగలో తేలుతోంది. దాని పక్కన ఒంటికాలికి వేలాడే మనిషి బొమ్మ ఉన్న కార్డు, తల కిందికీ కాలు పైకీ పెట్టి, అతనికేసే చూస్తోంది.

గ్లెనిస్ టారో కార్డులు! మెర్విన్ చేతిలో టోస్టు మెషీన్లో పడింది.

గ్లెనిస్ నెలకోసారి తమ ఊరు ముల్లంబింబీ సంతలో ఈ కార్డులు పరిచి జోస్యం చెబుతుంది. ఆ ఊళ్ళో ఏదో ఒక రకం జోస్యం చెప్పనివాళ్ళు కొద్దిమందే, నమ్మనివాడు బహుశా మెర్విన్ ఒక్కడే. ఈ కట్ట ఆవిడకి విద్య నేర్పిన ముసలమ్మ పోతూపోతూ చేతిలో పెట్టి వెళ్ళినది. ఆ కట్ట అంటే ఆవిడకి ప్రాణం. పోయినేడు మెర్విన్ అందులోంచి చంద్రుడి కార్డు తీసి ఊగే బల్లకాలి కింద పెట్టాడు. అప్పుడావిడ అరవలేదు, ఏడవలేదు. మళ్ళీ నా కార్డులు పాడుచేస్తే లినెట్ అక్క దగ్గరికి వెళ్ళిపోతానని మాత్రం అంది. అనడంతో ఊరుకుంటే బాగుండేది. ఆ లినెట్ మహాతల్లి ఒక గది ఖాళీ చేయించి, రంగు కూడా వేయించి పెట్టింది. ఇవాళ గ్లెనిస్ వెళ్ళింది ఆ గదికి కర్టెన్లు ఎంచడానికే.

కాబట్టి మెర్విన్‌కి, అవి గలీబులోకి ఎలా వచ్చాయని ఆలోచించే తీరిక లేదు. ఒక్కొక్క కార్డునూ నురగలోంచి ఏరి, కాగితపు రుమాళ్ళ మధ్య పెట్టి అద్దాడు. అద్దినవాటిని దొంతి పెడితే ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. విడదీసి పౌడరు చల్లాడు. హెయిర్ డ్రయ్యర్ పెడితే మహారాణి అప్పడంలా చుట్టుకుపోయింది. వేడి పనికిరాదు, గాలి కావాలి అనుకుని పెరట్లోకి పరుగెత్తాడు.

వాళ్ళ పెరట్లో గొడుగులా తిరిగే బట్టల దండెం ఉంది. క్లిప్పు గాటు పడకుండా ప్రతి కార్డు మీదా కాగితం మడత పెట్టి కట్టలోని డెబ్బై ఎనిమిదినీ దాని తీగలకు వేలాడదీశాడు. ఇంతటి ఓపిక ఆయన తన పెళ్ళిరోజున కూడా చూపించలేదు. ఎండ బాగానే ఉంది. మధ్యాహ్నానికి ఆరతాయి, బరువు కింద పెడితే సాపవుతాయి, మళ్ళీ ఆ పట్టుగుడ్డలో చుట్టేస్తే ఎవడికి తెలుస్తుంది? అప్పుడు గాలి లేచింది.

దండెం గిర్రున తిరిగింది. క్లిప్పులోంచి జారిన కార్డు ఒకటి కంచె దాటి పక్కింటి వరండాలో కూర్చున్న క్లైవ్ కాళ్ళ దగ్గర వాలింది. క్లైవ్ ఒకప్పుడు బస్సు నడిపేవాడు. పెళ్ళాం పోయాక ఒంటరిగా ఉండలేక ఇల్లు అమ్మకానికి పెట్టి, వాకిట్లో బోర్డు పాతుకుని, కొనేవాళ్ళు రాకపోతే బాగుండునని మొక్కుకుంటున్నాడు. వంగి చూశాడు. అస్థిపంజరం, గుర్రం. మరణం కార్డు.

మెర్విన్ కంచె మీంచి చెయ్యి చాపి ఇటివ్వమన్నాడు. క్లైవ్ ఇవ్వలేదు. కనీసం ముట్టుకోలేదు. ఎందుకంటే ఆ ఊళ్ళో దానికో పద్ధతి ఉంది. ఒకరి కార్డులు ఇంకొకరు ముట్టుకోకూడదు. తనంతట తాను జారిపడిన కార్డు ఎవరి కాళ్ళ దగ్గర పడితే వాళ్ళకోసమే వచ్చినట్టు. దాని సంగతి చెప్పించుకోకుండా అక్కణ్ణించి తీయనిస్తే అరిష్టం. ఈ పద్ధతులన్నీ వీధి వీధికీ నేర్పింది గ్లెనిసే.

"చెప్పు మెర్విన్, నేను పోతున్నానా?" అన్నాడు క్లైవ్, మొహం తెల్లగా పాలిపోయి.

"నువ్వెక్కడికీ పోవు. ఆ ఇల్లు అమ్మడం నీకు సుతరామూ ఇష్టం లేదని కుక్కక్కూడా తెలుసు. పోవాల్సింది ఆ బోర్డు. పీకి అవతల పారెయ్. ఇప్పుడు నా కార్డు నాకివ్వు."

క్లైవ్ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. లేచి వెళ్ళి బోర్డును రెండు చేతులా ఊపి ఊపి పీకాడు. దాన్ని భుజాన వేసుకుని వీధి వెంట నడుస్తూ, కనబడినవాళ్ళందరికీ మెర్విన్ నోట వాక్కు వచ్చిందని చెప్పుకుంటూ పోయాడు. మెర్విన్ కంచె దూకి కార్డు తెచ్చుకునేసరికి ఇంకోటి ఎగిరింది.

అది వెనకింట్లో డాఫ్నీ మేకల దొడ్లో పడింది. డాఫ్నీ మొగుడు పోయిన మనిషి, నోరు గల మనిషి. ప్రేమికుల కార్డు తన చెప్పుల ముందే పడిందనీ, ఆ అర్థమేదో విప్పి చెప్పేదాకా అంగుళం కదలననీ అంది. పక్కనే ఒక మేక ఆ ప్రేమికుల్లో ఒకరి కాలు నములుతోంది.

"క్లైవ్ నీకు ఇన్నేళ్ళుగా కట్టెలు కొట్టి తెచ్చి పడేస్తున్నాడు చూడు, నీకు కట్టెల పొయ్యే లేదని అతనికి తెలీదనుకున్నావా?" అన్నాడు మెర్విన్, మేక నోట్లోంచి కార్డు లాక్కుంటూ.

డాఫ్నీ కాసేపు నోరు మూసుకుంది, అది ఆ వీధిలో ఎవరూ చూడని వింత. తరువాత లోపలికి వెళ్ళి, కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్ కేకులున్న పళ్ళెం పట్టుకుని, జుట్టు సవరించుకుని, బోర్డు మోసుకు తిరుగుతున్న క్లైవ్‌ని వెతుక్కుంటూ బయల్దేరింది.

ఇక ఊరు ఆగుతుందా? అరగంటలో మెర్విన్ పెరట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. అందరూ దండెం కింద మోరలెత్తుకుని నిలబడ్డారు, ఎవరికి ఏది రాలుతుందోనని. మెర్విన్ దణ్ణం పెట్టి చెప్పాడు, ఇది జోస్యం కాదు, ఆరబెట్టడమని. తలా కొన్ని తీసి లోపల పెట్టండి, మీ పుణ్యం ఉంటుందని బతిమాలాడు. ఒకరి కార్డులు ముట్టుకునేంత సంస్కారం లేనివాళ్ళమా అని వాళ్ళు నొచ్చుకున్నారు. అంతలో గాలి కాస్తా ఆగిపోయింది. జనం ఉసూరుమన్నారు.

అప్పుడు యోగా నేర్పే జాస్పర్ అనే కుర్రాడికి బుర్ర పనిచేసింది. ముట్టుకోకూడదు గానీ గాలికి సాయం చెయ్యకూడదని ఎక్కడా లేదన్నాడు. వెళ్ళి తన ఆకులు ఊదే యంత్రం పట్టుకొచ్చి, మెర్విన్ వద్దు వద్దంటూ అడ్డం పడుతున్నా వినకుండా, దండెం మీదికి గురిపెట్టి వదిలాడు.

కప్పులు, కత్తులు, రాజులు, దెయ్యం, సూర్యుడు, దాదాపు కార్డులన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. జనం కేరింతలు కొడుతూ వాటికింద పరుగులు పెట్టారు. ఒక కార్డును అడవికోడి ముక్కున కరుచుకుని పొదల్లోకి దౌడు తీసింది. దాని భవిష్యత్తు అది చూసుకుంది. సరిగ్గా ఆ సమయానికి గ్లెనిస్ కారు వాకిట్లోకి తిరిగింది. కర్టెన్లు ఎంచడం తొందరగా తేలిపోయిందట.

యంత్రం ఆగింది. తమ తమ కార్డుల ముందు అందరూ బొమ్మల్లా నిలబడ్డారు. గ్లెనిస్ పెరడంతా ఒకసారి కలియజూసింది. వంకరపోయిన మహారాణినీ, కాలు లేని ప్రేమికుణ్ణీ చూసింది.

మెర్విన్ దాచలేదు. దుప్పట్లతో పాటు ఉతికేశాననీ, చూసుకోలేదనీ, పొద్దుట్నుంచీ కాపాడుతూనే ఉన్నాననీ చెప్పాడు. చెప్పడం అయ్యాక గానీ అసలు అనుమానం రాలేదు ఆ మహానుభావుడికి.

"అయినా గ్లెనిస్, అవి నా దిండు గలీబులో ఎందుకున్నాయి?"

గ్లెనిస్ మొహం ఎర్రబడింది. చేతిలో కారు తాళాలు అటూ ఇటూ తిప్పింది. అందరూ చూస్తున్నారు, తప్పలేదు. ఈస్టర్ నుంచీ రోజూ ఆయన నిద్రపోయాక తానే అందులో దూరుస్తున్నానని ఒప్పుకుంది. అలాగైనా కాస్త నమ్మకం కలుగుతుందేమోనని. తెల్లారి తీసేదాన్ని, ఇవాళ కర్టెన్ల హడావుడిలో మరిచిపోయానంది.

లామింగ్టన్ల పళ్ళెంతో క్లైవ్ పక్కనే నిలబడి ఉన్న డాఫ్నీకి అప్పటికి నోరు తిరిగొచ్చింది. "ఏమమ్మా గ్లెనిస్, కార్డులు ఎవరి తల కింద పడుకుంటే వాళ్ళవైపోతాయని మాకు చెప్పింది నువ్వు కాదూ? అయితే ఇవి ఇప్పుడు మెర్విన్‌వి. అందుకే అతను చెప్పినవన్నీ అచ్చంగా జరిగాయి."

జనం అవునవునన్నారు. గ్లెనిస్ ఈసారి నిజంగానే మండిపడింది. కట్టా మీరే ఉంచుకోండి, ఈ మనిషినీ మీరే ఉంచుకోండి, నేను అక్క దగ్గరికి పోతున్నానని కారు వైపు తిరిగింది. అంతవరకూ దండెం మీద మిగిలిన ఒకే ఒక్క కార్డు, ఎవరూ ఊదకుండానే, జారి ఆవిడ కాలి ముందు పడింది. బోర్లా పడింది.

దాటిపోదామంటే తాను నేర్పిన పద్ధతి ఒప్పుకోదు. తానే తీసి చూద్దామంటే అవి ఇప్పుడు తనవి కావు. గ్లెనిస్ ఎత్తిన కాలు దించి, మొగుడి మొహం చూడకుండా అడిగింది.

"సరే చెప్పు. ఏముంది అందులో?"

మెర్విన్ కార్డును తిప్పి కూడా చూడలేదు. తిప్పినా అదేమిటో ఆయనకి తెలియదు.

"నువ్వు పోతే నాకు చేతకాదు గ్లెనిస్. ఆ ఇంట్లో నేనొక్కణ్ణీ ఉండలేను. అదే ఉంది."

గ్లెనిస్ కళ్ళు తుడుచుకుని, వంగి, ఆ కార్డును తానే తీసి ఆయన చేతిలో పెట్టింది. టీ పెడతాను, మిగతావి ఏరుకురమ్మంది. కర్టెన్లు వద్దని లినెట్‌కి ఫోన్ చేసింది. అవతల ఆవిడ ఏమందో పెరటిదాకా వినబడింది.

మర్నాడు సంతలో గ్లెనిస్ బల్ల ముందు ఎన్నడూ లేనంతమంది వరుస కట్టారు, మెర్విన్ ఎప్పుడొస్తాడో కనుక్కోవడానికి.