కార్డు ఉన్నవాళ్ల రేటు

ఆ రోజు పొద్దున్న అప్పలరాజు అనుకున్నవి రెండే పనులు. గంజి తాగేలోగా గాలాల తాడు సరిచేయడం, తర్వాత భార్య సత్యలక్ష్మితో అనకాపల్లి వెళ్లి, మెకానిక్కుకు పన్నెండు వేలిచ్చి పడవ ఇంజను తెచ్చుకోవడం. సముద్రంలో చేపల వేటకు నిషేధం నడుస్తోంది. పూడిమడకలో పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. జూన్ ఒకటిన మళ్లీ వేట మొదలయ్యేసరికి ఇంజను లేకపోతే ఆ ఏడు గడవదు.

మొదటి పని సగంలో ఉండగానే ఒక గాలం అతని ఎడమ బొటనవేలిలో దిగింది.

"ఎలాగూ ఎల్తన్నాం కదా మావా, అక్కడే డాక్టరుకి సూపించేద్దాం," అంది సత్యలక్ష్మి.

అనకాపల్లి నర్సింగ్ హోములో గుమస్తా లోకనాథం వేలు చూసి, పది నిమిషాల పని, నూటయాభై అవుతుందన్నాడు. అప్పలరాజు జేబులో చెయ్యి పెడితే మత్స్యకారుల సంఘం ఇప్పించిన ఇన్సూరెన్సు కార్డు తగిలింది. రెండేళ్లుగా డబ్బు కడుతున్నా దాన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. తీసి బల్ల మీద పెట్టాడు.

లోకనాథం లేచి కుర్చీ చూపించాడు.

"కార్డుందని ముందే చెప్పొద్దా నాయనా?"

కార్డు మీద డబ్బు రావాలంటే ఆసుపత్రిలో పడుకోవాలట. పడుకోబెట్టారు. పడుకున్నవాడికి సెలైను పెట్టారు. రక్తం తీశారు, గుండె చూశారు, వేలికి రెండు వైపులా ఎక్స్‌రే తీశారు. గాలం మాత్రం మర్నాడు తీశారు.

దెబ్బ ఎక్కడ తగిలిందని లోకనాథం అడిగాడు. ఇంటి అరుగు మీద అన్నాడు అప్పలరాజు.

"అరుగంటే పైసా రాదు. సముద్రంలో అని రాస్తాను."

సత్యలక్ష్మి కంగారు పడింది. "ఇప్పుడు ఏట లేదు కదండీ."

సంపాదన లేదని బాధపడుతోందనుకున్నాడు లోకనాథం. "అందుకేనమ్మా, మీకు ఖర్చు లేకుండా కార్డు మీద చేస్తున్నాం," అని ఓదార్చి, అప్పలరాజు కుడి బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. రాసేవాళ్లకు తెలియదా అని అప్పలరాజు ఊరుకున్నాడు.

మూడో రోజు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఫాక్సు వచ్చింది. నిషేధ కాలంలో సముద్రం మీదికి వెళ్లడం నేరం కాబట్టి పైసా ఇవ్వరట. బిల్లు పదకొండు వేల ఎనిమిది వందలు.

"మరి నూటయాభై అన్నారు కదండీ," అన్నాడు అప్పలరాజు.

"అది కార్డు లేనివాళ్ల రేటు."

"డబ్బులు మాకాడే అట్టుకుంటన్నారు కదా. మరి మాకు కార్డున్నట్టా, లేనట్టా?" అని అడిగింది సత్యలక్ష్మి. లోకనాథం రసీదు రాయడం మొదలుపెట్టాడు. ఆమె కొంగు ముడి విప్పింది. మిగిలిన రెండు వందలకు మెకానిక్కు ఇంజనును తాకనైనా తాకనివ్వలేదు.

వారం తిరక్కుండా మత్స్యశాఖ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. లోకనాథం రాసిన కాగితం నకలు ఒకటి ఇన్సూరెన్సు కంపెనీ ఆ ఆఫీసుకూ పంపిందట. నిషేధ కాలంలో ఇచ్చే బియ్యం ఆపేశారు. తాను పడవ ముట్టుకోలేదని అప్పలరాజు మొత్తుకున్నాడు. ఆఫీసరు కాగితం తిప్పి, ఈ వేలిముద్ర నీదేనా అని అడిగాడు. అతనిదే.

జూన్ ఒకటిన తెల్లవారకముందే పూడిమడక పడవలన్నీ వేటకు వెళ్లిపోయాయి. అప్పలరాజు పడవ ఒక్కటే ఇసుక మీద మిగిలింది. దాని నీడలో అతను కట్టు విప్పిన వేలు చూసుకుంటూ కూర్చున్నాడు.

కాగితాల ప్రకారం మాత్రం అతను ఇంకా సముద్రం మీదే ఉన్నాడు.