సముద్రం లేని దేశం ఓటు

సముద్రం లేనంత మాత్రాన సముద్రం మీద ప్రేమ ఉండకూడదా అని మత్స్యశాఖ మంత్రిగారు విలేకరులను సూటిగా ప్రశ్నించారు. ఉండకూడదని ఎవరూ అనలేదు. దాంతో అంతర్జాతీయ తిమింగలాల సంఘం మహాసభకు ఆయన ప్రయాణం ఖాయమైంది.

దేశానికి నాలుగు వైపులా నేలే. శాఖ మొత్తంలో చేపను ప్రాణంతో చూసినవాడు చెరువుల ఇన్‌స్పెక్టర్ ఒక్కడే కనుక అతన్ని సలహాదారుగా వెంటబెట్టుకున్నారు. ఇరవై రెండేళ్లుగా చేపపిల్లల తొట్ల పక్కనే బతికిన మనిషి. తిమింగలం చేప కాదనీ, పిల్లకు పాలిస్తుందనీ విమానంలో మెల్లగా విన్నవించాడు. మంత్రిగారు గతుక్కుమన్నారు. అలాగైతే అది పశుసంవర్ధక శాఖకు పోతుందని ఆయన బెంగ.

"ఈ మాట ఆ మంత్రి చెవిన పడనీయకు" అన్నారు.

దక్షిణ సముద్రంలో వేట నిషేధించాలని తీర్మానం. వేటాడే దేశాలు ఒకవైపు, వద్దనే దేశాలు ఇంకోవైపు, బలాబలాలు సరిసమానం. మంత్రిగారి ఓటు ఎటన్నదే తేలలేదు. మూడు రోజులూ ఆయన ఇరుపక్షాల విందులూ ఆరగించి, ఇరుపక్షాలకూ మాటిచ్చి, పాము చావకుండా కర్ర విరగకుండా దౌత్యం నడిపారు. ఇన్‌స్పెక్టర్ వెనక కుర్చీలో కూర్చుని శాస్త్రవేత్తల నివేదిక చదివాడు. ఈటె దిగిన తల్లి చుట్టూ పిల్ల తిరుగుతూనే ఉంటుందన్న పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

ఓటింగ్ వేళకు మంత్రిగారికి కడుపునొప్పి వచ్చింది. అంతరాత్మ ప్రకారం ఓటెయ్యమని హోటల్ గదిలోంచి ఫోన్‌లో ఆజ్ఞాపించారు. తమరి అంతరాత్మ ఏమంటోందో సెలవియ్యమని ఇన్‌స్పెక్టర్ బతిమాలాడు.

"నేను అక్కడ లేను కదయ్యా" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఇన్‌స్పెక్టర్‌కు తన ఉద్యోగం గుర్తొచ్చింది, చదువుకుంటున్న కూతురు గుర్తొచ్చింది. ఆ పేజీ కూడా గుర్తొచ్చింది. మైకు అందుకుని, నిషేధానికి అనుకూలం అన్నాడు. ఒక్క ఓటు తేడాతో తీర్మానం నెగ్గింది. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి కౌగిలించుకున్నారు. ఒక ముసలి శాస్త్రవేత్త కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. తన పని మొదటిసారి చెరువు గట్టు దాటిందని అతను పొంగిపోయాడు.

కడుపునొప్పి పది నిమిషాల్లో నయమైంది. మంత్రిగారు వేదికెక్కి అభినందనలు స్వీకరించారు.

మర్నాడు ఉదయం ఆయన ఇన్‌స్పెక్టర్‌ను గదికి పిలిచి, స్వయంగా టీ పోసి ఇచ్చారు. తొంభై రోజుల్లోగా అభ్యంతరం రాసిచ్చిన దేశానికి తీర్మానం వర్తించదని నిబంధన ఉందట. వేటాడే దేశాలన్నీ అప్పటికే రాసిచ్చేశాయట. స్నేహధర్మంగా మనమూ ఒకటి పడేద్దామన్నారు.

"మనకు పడవలే లేవు కదండీ."

"అందుకే మన అభ్యంతరంలో స్వార్థం లేదు."

"మరి ఈ నిషేధం ఎవరికి వర్తిస్తుందండీ?"

"వేటాడనివాళ్లకి" అంటూ మంత్రిగారు కాగితం ముందుకు జరిపారు. "ఇక్కడ సంతకం పెట్టు. నిన్న ఓటేసిన చెయ్యే పెట్టాలి, అదీ పద్ధతి."

టీ చల్లారిపోయింది. ఇన్‌స్పెక్టర్ కలం అందుకుని సంతకం పెట్టాడు.

మంత్రిగారు కాగితాన్ని వెలుగులోకి ఎత్తి చూసి, దస్తూరీ ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నారు.